ప్లేగు రిజిస్టరు నుంచి కెమెరా కన్ను దాకా

సూరత్ నుంచి ముంబై వైపు వెళ్లే రైలు ఉధ్నా దాటిందంటే తర్వాత వచ్చేది భేస్తాన్. అటూ ఇటూ పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడలు. వాటిని నమ్ముకుని వచ్చినవాళ్ల అద్దె గదులు. పేదలకు కార్పొరేషన్ కట్టించి ఇచ్చిన ఆవాస్ బ్లాకులు. లింబాయత్ నుంచి ఇటు దాకా పరుచుకున్న ఈ కార్మిక పేటల్లోనే సాంచాల (మరమగ్గాల) పని కోసం కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. నగరపాలనలో కృత్రిమ మేధను న్యాయంగా వాడుతున్నారా అన్న ప్రశ్నను ఇలాంటి చోట నిలబడి అడగాలని నా పట్టుదల. ఇక్కడి తెలుగు కార్మికుడి ఇల్లు సూరత్ లెక్కలో ఉంటుంది, రేషన్ కార్డు చాలాసార్లు తెలంగాణ లెక్కలో ఉంటుంది. రెండు ప్రభుత్వాల యంత్రాలూ అతన్ని చూస్తాయి. ఆ యంత్రం తప్పు చేస్తే అతను ఎవరి దగ్గరికి పోవాలి?

సూరత్‌కు మున్సిపాలిటీ 1852లోనే వచ్చింది, 1966లో కార్పొరేషన్ అయింది. అయితే ఈ నగరం తన జనం ఆరోగ్యాన్ని ఏ రోజుకారోజు గమనించడం నేర్చుకున్నది 1994 సెప్టెంబరు దెబ్బ తర్వాతే. వరదనీళ్లు తీసిన వెంటనే ప్లేగు వార్త పుట్టింది. దేశం మొత్తం మీద నమోదైన మరణాలు 56. భయం మాత్రం అంతకు ఎన్నో రెట్లు. లక్షల మంది దొరికిన రైలెక్కి ఊళ్లకు పారిపోయారు. మరుసటి ఏడాది మే నెలలో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఆరు జోన్లుగా విడదీసి, తన అధికారాల్లో చాలావాటిని జోన్ అధికారులకు అప్పగించారు. పొద్దున పూట ఏ అధికారీ గదిలో కూర్చోకూడదు, వీధిలో ఉండాలి. ఆసుపత్రుల నుంచి జ్వరాల లెక్క రోజూ రావాలి. 1996లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ చేసిన పరిశీలనలో చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్ నిలిచింది.

ఆ రోజులకు నేను లేని పసిడి పూత పూయను. అక్రమ కట్టడాల కూల్చివేతలు కఠినంగానే సాగాయి. కానీ ఆ లెక్కల రిజిస్టరు రాసే మనిషి గడప ముందు నిలబడి ఉండేవాడు. తప్పు రాస్తే అక్కడికక్కడే నిలదీయవచ్చు, జోన్ ఆఫీసుకు పోయి తగవు పెట్టుకోవచ్చు. నిర్ణయం తీసుకున్నవాడు కనిపించేవాడు. నేటి చర్చ మొత్తానికి ఇదే గీటురాయి అని నమ్ముతాను.

2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీటికి తాపీ నది నగరాన్ని ముంచేసింది. తర్వాతి సంవత్సరాల్లో నీటిమట్టాలు, వానల లెక్కలు కలిపి ముందస్తు హెచ్చరిక ఇచ్చే ఏర్పాటు రూపుదిద్దుకుంది. లెక్కకట్టే యంత్రం నగరానికి మేలు చేసిన సందర్భం ఇది. నదిని అంచనా వేయడం వేరు, మనిషిని అంచనా వేయడం వేరు. రెండో పని అంతకంటే చాలా తేలిగ్గా మొదలైపోయింది.

2013 జనవరిలో సూరత్ పోలీసుల కెమెరా వ్యవస్థ తొలి దశను నాటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. 23 చోట్ల 104 కెమెరాలు. 2015కల్లా జపాన్ సంస్థ ఎన్‌ఈసీ ఇచ్చిన ముఖ గుర్తింపు పరిజ్ఞానం దానికి తోడైంది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది 2017 ఆగస్టు 24న. అంటే హక్కు ఉందో లేదో తేలకముందే ముఖాన్ని పోల్చే కన్ను వీధిలోకి వచ్చేసింది. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో సూరత్ ఒకటి. నగర సేవలన్నిటినీ తెరల మీద చూసే కేంద్రమూ వచ్చింది. 2020లో కరోనా వేళ, క్వారంటైన్‌లో ఉన్నవాళ్లు యాప్ ద్వారా తమ ఫొటో, ఉన్న చోటు పంపాలని కార్పొరేషన్ కోరింది. ఆ రోజుల్లోనే పాండేసరా వైపు వలస కార్మికులు ఊళ్లకు పంపమని రోడ్డెక్కారు. ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోగల నగరానికి, ఎవరింట్లో బియ్యం లేవో తెలుసుకోవడం అంతగా చేతకాలేదు.

ముఖ గుర్తింపు యంత్రం ‘వీడే’ అని చెప్పదు. ‘ఈ ఫొటోకు ఇంత దగ్గరగా ఉన్నాడు’ అని ఒక స్కోరు ఇస్తుంది. ఎంత స్కోరు వస్తే ఆపాలో నిర్ణయించేది మనిషి. ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను 2018లో జాయ్ బువోలమ్‌వీని, టిమ్నిట్ గెబ్రూ పరీక్షిస్తే, నల్లని ఛాయ గల మహిళల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా పోయాయి. మన ఎండలో, మన రంగులతో, నైట్ డ్యూటీ దిగి వచ్చిన అలసట ముఖాలతో ఆ యంత్రం ఎంత తప్పుతుందో నగరం పరీక్షించి జనం ముందు పెట్టాలి. అది పాలకుల దయ కాదు, మన హక్కు.

భేస్తాన్ వంటింటికి ఇంకా దగ్గరగా వచ్చిన యంత్రం మాత్రం సూరత్‌ది కాదు, హైదరాబాద్‌ది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. లెక్కలో లేకపోతే పథకాలు రావేమోనన్న భయంతో ముంబై, భివండి, సూరత్‌ల నుంచి జనం బస్సుల నిండా సొంతూళ్లకు చేరారు. ఆ తర్వాత వచ్చింది సమగ్ర వేదిక. హైదరాబాద్ సంస్థ పోసిడెక్స్ పరిజ్ఞానంతో, వాహనాలు, కరెంటు, ఆస్తిపన్ను లాంటి వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఈ పేరూ ఆ పేరూ ఒకే మనిషివా కాదా అని తేల్చే వ్యవస్థ అది. 2018-19 కేంద్ర ఆర్థిక సర్వే దాన్ని మెచ్చుకుంది.

2014 నుంచి 2019 వరకు తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు లేదు. డీలర్ దగ్గరికి పోతే కార్డు కట్ అయిందని చెప్పారు, అంతే. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒక పేదవాడికి, దగ్గర పేరున్న మరొకరి కారును ఆ వ్యవస్థ అంటగట్టడంతో ఆ కుటుంబం బియ్యం పోగొట్టుకుంది. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. పరిశీలన పూర్తయిన దరఖాస్తుల్లో కనీసం 7.5 శాతం తప్పుగా తీసేసినవేనని తేలింది.

వలస కుటుంబం దగ్గర ఈ ప్రమాదం రెట్టింపు. తెలంగాణ కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, గుజరాత్ కాగితాల్లో చివరికి పోతుంది. తండ్రి పేరు మధ్యలోకి వస్తుంది. అద్దె గది మారినప్పుడల్లా చిరునామా మారుతుంది. ఒకే మనిషి ముగ్గురిగా, ముగ్గురు ఒక్కడిగా కనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి? 2020 జనవరి నుంచి జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న తెలంగాణ కార్డుతో గుజరాత్‌లో రేషన్ తీసుకునే వీలొచ్చింది. మంచి మార్పే. కానీ హైదరాబాద్ సర్వర్‌లో కార్డు ఎగిరిపోతే భేస్తాన్ డీలర్ చేయగలిగింది ఏమీ లేదు. సూరత్ అధికారికి ఆ కారణం తెలియదు. ఊళ్లో మీసేవ దాకా పోవాలంటే కూలి పోతుంది, రైలు ఛార్జీ అదనం.

ఇదే కాలంలో తెలుగు నేల మీద ప్రయోగాలు ఆగలేదు. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగ్ కేంద్రాల దగ్గర ఓటర్ల ముఖాలను యంత్రంతో సరిచూశారు. తెలంగాణ పోలీసుల ముఖ గుర్తింపు వాడకంపై సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్లారు. సముద్రాల అవతల 2020 ఫిబ్రవరి 5న హేగ్ కోర్టు, సంక్షేమ మోసాలను ముందే పసిగడతామని చెప్పి డేటా కలిపే సిరి అనే ప్రభుత్వ వ్యవస్థను కొట్టేసింది. పనితీరు పారదర్శకంగా లేదన్నది అందులో ప్రధాన కారణం. ఆ సెప్టెంబరులోనే ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ తమ నగరపాలనలో వాడే అల్గారిథంల జాబితాను జనం ముందు పెట్టాయి. ఏది దేనికి వాడుతున్నారు, ఏ సమాచారం తీసుకుంటున్నారు, బాధ్యుడెవరు అన్నవి అందులో ఉంటాయి.

మన దగ్గర డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పథకాలు ఇచ్చే పనిలో ప్రభుత్వానికి అందులో విశాలమైన వెసులుబాటు ఉంది. అందువల్ల నగరాలు తమంతట తాము ముందుకు రావాలి. సూరత్‌కు అది పెద్ద బరువు కాదు. ఈ కార్పొరేషన్ ఏడు భాషల్లో బడులు నడుపుతోంది, వాటిలో తెలుగు ఒకటి. సాంచాల కార్మికుల పిల్లలకు తెలుగులో అక్షరాలు దిద్దించగలిగిన కార్పొరేషన్, తాను వాడే యంత్రాల జాబితాను ఆ ఏడు భాషల్లోనూ జోన్ ఆఫీసు గోడ మీద పెట్టగలదు. యంత్రం వల్ల ఒక సేవ ఆగితే కారణం రాసిన కాగితం ఇవ్వగలదు. 1995లోలాగే, ఆ నిర్ణయాన్ని తిప్పగల అధికారం ఉన్న ఒక మనిషిని ఆ జోన్‌లోనే కూర్చోబెట్టగలదు. రద్దుకు ముందు నోటీసు, కార్డుదారుడు ఉన్న ఊళ్లోనే విచారణ జరిగేలా తెలంగాణ, గుజరాత్ పౌరసరఫరాల శాఖలు మాట్లాడుకోవాలి. కార్డు రెండు రాష్ట్రాల్లో చెల్లుతున్నప్పుడు, దాని మీద ఫిర్యాదు కూడా రెండు రాష్ట్రాల్లోనూ చెల్లాలి.