పుబ్బ తర్వాత ఉత్తర

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే కుర్రాళ్లిద్దరు టీ అంగడి బెంచీ మీద కూచుని, రాత్రి చూసిన దెయ్యం సినిమా గురించి వాదించుకుంటున్నారు. "రెండోది మొదటిదాన్ని మించిందప్పా" అంటాడొకడు. "తెలిసిన దెయ్యానికి ఎవరు భయపడతారప్పా" అంటాడింకొకడు. పక్కన ఉగ్గాని తింటున్న పెద్దాయన మబ్బుకేసి చూసి, "రేపట్నించి ఉత్తర" అన్నాడు.

ఆయన అన్నది కార్తె గురించి. నాకైతే ఆ వాదనకు కావలసిన మాట ఆయన నోటి నుంచే వచ్చిందనిపించింది.

సీక్వెల్‌ను పాతకాలపు పండితులు ఏమనేవారో వెతుక్కోనక్కర్లేదు: ఉత్తర కథ. ఉత్తర రామాయణం ఉండనే ఉంది. మన తిక్కన రాముడి కథలో ఎత్తుకున్నది ఆ ఉత్తర భాగాన్నే.

మాటను విడదీస్తే ఉత్, తర. 'ఉత్' అంటే పైకి. 'తర' రెండింటిని పోల్చి చెప్పే ప్రత్యయం. గురుతరంలో, లఘుతరంలో ఉన్నది ఇదే. కాబట్టి ఉత్తరమంటే 'మరింత పైది'. ఇంకో మెట్టెక్కితే ఉత్తమం. ఒంటి పైన కప్పుకుంటే ఉత్తరీయం. గ్రీకులో దీని దాయాది 'హుస్టెరోస్'కు 'తరువాతిది' అని అర్థం. సంస్కృతం రెండర్థాలనూ ఒకే గూట్లో ఉంచుకుంది: ఉత్తరక్షణమంటే తరువాతి క్షణం, లోకోత్తరమంటే లోకాన్ని మించినది. తరువాత వచ్చినది మించుతుందా అని కుర్రాళ్లు వాదించుకుంటుంటే, ఆ రెండూ ఈ మాటలో ఎప్పటినుంచో కాపురముంటున్నాయి.

ఎనిమిదో శతాబ్దపు భవభూతి రాముడి పూర్వకథను మహావీరచరితంగా, తరువాతి కథను ఉత్తరరామచరితంగా రాశాడు. రసికులు రెండోదానికే పట్టం కట్టారు.

అయితే అది కరుణరసం. సీతను ఎంత ఎరిగి ఉంటే అంత ఏడుస్తాం. భయం అలా కాదు, ఎరిగినకొద్దీ పలచబడుతుంది. రెండో కుర్రాడి మాటలో బలం అదే.

ఇక్కడ 'భూతం'తోనూ కొంచెం పని పడుతుంది. 'భూ' ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు అసలర్థం 'అయినది, జరిగినది'. వ్యాకరణంలో భూతకాలం, మర్రిచెట్టు మీద భూతం, రెండూ ఒకటే మాట. జరిగిపోయాక కూడా పోకుండా నిలిచినదే భూతం. దాన్ని సాగనంపడానికి చేసేవాటికి మనవాళ్లు పెట్టిన పేరు ఉత్తరక్రియలు! దెయ్యం కథకు ఉత్తరం మొదటి నుంచీ బాకీయే.

ఉత్తరమంటే జవాబు కూడా. జవాబుగా రాసేది కాస్తా తెలుగులో ఏ లేఖకైనా పేరైపోయింది. రాయదుర్గం దాటి బళ్లారి వెళితే కన్నడంలో 'ఉత్తర' జవాబుగానే ఉంది, లేఖ కాగదమో పత్రమో. 1953 దాకా రాయదుర్గం బళ్లారి జిల్లాలోదే. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరితోనైనా ఈ మాట వాడితే ఏ అర్థం తీసుకుంటారో చూడాలని నాకు సరదా.

నా మట్టుకు దెయ్యం సినిమాలో మించే రెండో భాగం మొదటిదానికి జవాబు చెప్పేదే. 1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్‌లో వికృతజీవికి మాటలు రావు. 1935లో అదే దర్శకుడు జేమ్స్ వేల్ తీసిన బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్‌లో అది మాట్లాడుతుంది. తోడు కావాలని అడుగుతుంది. మొదటిదాంట్లో దాన్ని చూసి భయపడ్డవాళ్లం, రెండోదాంట్లో దాని గోడు వింటాం.

మనకు దగ్గరగా చూస్తే రాఘవ లారెన్స్ ముని 2007లో వచ్చింది, 2011లో కాంచన. కన్నవాళ్లు వెళ్లగొట్టిన ట్రాన్స్‌జెండర్ మహిళగా శరత్‌కుమార్ నిలబడి తన కథ చెప్పుకున్నాక, ముని పేరు తెలుగులో ఎవరికి గుర్తుంది? వరసలో నాలుగోది 2019లో మన హాళ్లకు 'కాంచన 3'గా వచ్చింది. లెక్క మొదటిదాని నుంచి కాక రెండోదాని నుంచి మొదలైంది! మించడానికి ఇంతకంటే రుజువేం కావాలి.

అనిల్ విశ్వనాథ్ మా ఊరి పొలిమేర 2021లో ఫోన్లకూ టీవీలకూ వచ్చింది. రెండోది 2023 నవంబరులో థియేటర్ చీకట్లోకి వచ్చింది. చచ్చాడనుకున్న కొమిరి బతికే ఉన్నాడన్న ముడితో మొదటిది ఆగింది కాబట్టి, రెండోది ఊరికే రాలేదు, అడిగితే వచ్చింది.

అడగకుండా వచ్చేవాటికి మన సామెత ఉంది, మఖలో పుట్టి పుబ్బలో పోయేవి.

ఈ పుబ్బ కూడా 'పూర్వ' అరిగిన రూపమే. పూర్వఫల్గుణి పుబ్బ, ఉత్తరఫల్గుణి ఉత్తర. ఆషాఢకూ భాద్రకూ ఇలాగే జంటలున్నాయి. ఆకాశంలో మూడు కథలకు మూడు రెండో భాగాలు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే ఈ ప్రాంతంలో ఆ జంటల్లో రెండోదాని మీదే కళ్లు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు. సెప్టెంబరు నడుమ వచ్చే ఈ కార్తె చూశాకే ఊళ్లో ఉండాలో, గంప ఎత్తుకుని వలస పోవాలో తేలేది.

ఉండబట్టలేక పెద్దాయనను అడిగాను, "పుబ్బ బాగానే కురిసింది కదా తాతా, అది చాలదా?"

చేతిలో మిగిలిన బొరుగులు నోట్లో వేసుకుని అన్నాడు, "పుబ్బకు శనక్కాయ చెట్టు పచ్చబడిందప్పా. ఊడ దిగి కాయ ఊరాలంటే ఉత్తర రావల్ల."