విశిష్టోష్ణం: పాదరసం నుండి శ్రీహరికోట వరకు

వేసవి మిట్టమధ్యాహ్నం నెల్లూరు సమీపాన గల మైపాడు తీరంలో చెప్పులు లేక నడిచేవారికి ఇసుక నిప్పులా తగులుతుంది. నాలుగడుగులు వేసి సముద్రంలోకి దిగితే నీరు చల్లగానే ఉంటుంది. రెండింటిమీదా కాసే ఎండ ఒక్కటే. ఈ తేడాకు కారణాలు పెక్కు: నీరు ఆవిరి కావటం, అలలవల్ల పైనీరు కిందినీరు కలియటం, సూర్యరశ్మి నీటిలో లోతుగా చొరబడటం. వీటితోబాటు మరొక ముఖ్య కారణం ఉన్నది. ఒక కిలోగ్రాము నీటి ఉష్ణోగ్రత ఒక సెంటిగ్రేడు డిగ్రీ పెరగాలంటే ఒక కిలోకెలొరీ ఉష్ణం కావాలి. పొడి ఇసుకకు అందులో సుమారు అయిదోవంతు చాలును. పదార్థానికి గల ఈ గుణాన్నే విశిష్టోష్ణం అంటారు.

పూర్వం ఉష్ణోగ్రతకు, ఉష్ణరాశికి గల భేదం పండితులకు స్పష్టంగా తెలియదు. సమాన ఘనపరిమాణాలు గల వస్తువులు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే వాటిలోని ఉష్ణం కూడ సమానమేనని హాలెండు దేశపు ఆచార్యుడు బోర్‌హావే తలచాడు. ఆయన కోరికపై ఫారెన్‌హీట్ పాదరసాన్ని, నీటిని కలిపి చూశాడు. మిశ్రమపు ఉష్ణోగ్రత సరిగా నడుమ నిలువక, నీటి ఉష్ణోగ్రతవైపే మొగ్గింది. బరువైన పాదరసం తేలికైన నీటికి లొంగిపోవటమేమిటి? 1760 ప్రాంతంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ ఈ చిక్కు విప్పాడు. ఉష్ణాన్ని ఇముడ్చుకొనే శక్తి ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క విధంగా ఉంటుందని ఆయన విద్యార్థులకు బోధించాడు. బరువుకు బరువుగా చూస్తే, పాదరసపు విశిష్టోష్ణం నీటిదానిలో సుమారు ముప్పయ్యోవంతు మాత్రమే. స్వీడనులో విల్కె స్వతంత్రంగా ఇదే విషయాన్ని కనుగొని 1781లో ప్రకటించాడు. 1783లో లవోయిజే, లాప్లాస్‌లు వేడి వస్తువు ఎంత మంచును కరిగించునో తూచి, దాని ఉష్ణరాశిని కొలిచే పద్ధతిని వివరించారు.

నేడు పాఠశాలలో చేసే లెక్క వీరి కృషి ఫలమే. ద్రవ్యరాశిని, విశిష్టోష్ణాన్ని, ఉష్ణోగ్రతలోని మార్పును గుణిస్తే ఉష్ణరాశి వస్తుంది. 5 కిలోగ్రాముల ఇనుమును 30 డిగ్రీలనుండి 80 డిగ్రీలకు వేడిచేయాలంటే, ఇనుము విశిష్టోష్ణం 0.11 గనుక, 5 × 0.11 × 50, అనగా 27.5 కిలోకెలొరీలు కావాలి. అంతే నీటికైతే 250 కావాలి.

1840-50 మధ్య జూల్ మరొక మెట్టు ఎక్కించాడు. చలనం ఉష్ణంగా మారుతుందనీ, ఆ మారకానికి స్థిరమైన నిష్పత్తి ఉన్నదనీ ప్రయోగాలతో చూపాడు. నేటి కొలతల ప్రకారం ఒక కిలోకెలొరీ సుమారు 4,186 జూళ్లకు సమానం.

ఈ రెండు లెక్కలు కలిసి నెల్లూరు తీరాన ఒక గట్టి పరీక్షకు నిలిచాయి. 2007 జనవరి 10న, ఆనాడు నెల్లూరు జిల్లాలోనూ 2022 నుండి తిరుపతి జిల్లాలోనూ ఉన్న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి7 రాకెట్టు 550 కిలోగ్రాముల ఎస్.ఆర్.ఇ.-1 అనే క్యాప్సూల్‌ను కక్ష్యలో నిలిపింది. దానిని మరల భూమికి దింపటమే ఆశయం. వాతావరణంలో ప్రవేశించేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 8 కిలోమీటర్లు. అప్పుడు ప్రతి కిలోగ్రాములోనూ ఉండే గతిజశక్తి 3.2 కోట్ల జూళ్లు, అనగా సుమారు 7,600 కిలోకెలొరీలు. ఇది 76 కిలోగ్రాముల నీటిని 0 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తేగలదు! ఇదంతా ఉష్ణమై క్యాప్సూల్‌లోనే నిలిస్తే, అది ఇనుముతో చేసినదైనా కరిగి ఆవిరి కావలసిందే.

మరి అది ఎట్లా దక్కింది? దాని మొద్దు ముక్కు ముందున్న గాలిని నొక్కి వేడెక్కించింది. ఉష్ణంలో అధికభాగం ఆ గాలితోనే పోయింది. మిగిలినదానిని ముక్కుపై కార్బన్-ఫినోలిక్ తొడుగు, పక్కల సిలికా పలకలు అడ్డుకున్నాయి. తొడుగు పైపొర కాలి హరించుకుపోతూ ఉష్ణాన్ని వెంట తీసుకొనిపోతుంది. పలకలు ఉష్ణాన్ని మెల్లగా మాత్రమే లోనికి పోనిస్తాయి. అది లోపలికి చేరేలోగా ప్రవేశఘట్టం ముగుస్తుంది. జనవరి 22న పారాషూట్ల సాయంతో సెకనుకు 12 మీటర్ల వేగానికి తగ్గి, శ్రీహరికోటకు తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో దిగిన క్యాప్సూల్‌ను భద్రంగా వెలికితీశారు. 2014 డిసెంబరు 18న శ్రీహరికోటనుండే వెళ్లి తిరిగివచ్చిన మరింత పెద్ద క్యాప్సూల్‌కు ఈ అనుభవమే దారి చూపింది.

ఎంత వేడి అన్న ప్రశ్న ఒక్కటే చాలదు; ఎంత ఉష్ణం, ఏ పదార్థంలోకి, ఎంత కాలంలో అన్నవి కూడ అడగాలి. బ్లాక్ పాదరసాన్నిబట్టి నేర్చిన ఈ వివేకాన్ని మైపాడు ఇసుకపై నడిచే విద్యార్థి కూడ తన పాదాలతోనే నేర్వవచ్చును.