పాట కొంటే కడుపు నిండుతుందా?

కరువు అనగానే మన పెద్దలకు గంజి కేంద్రాలు గుర్తొస్తాయి, చందా పుస్తకాలు గుర్తొస్తాయి. గ్రామఫోను రికార్డు మాత్రం గుర్తుకు రాదు. అయినా గత యాభై ఏళ్ళలో ఆకలిబాధితుల పేరిట పోగైన చందాల్లో పేరుమోసిన గాయకుల రికార్డుల వాటా తక్కువేమీ కాదు. ఆ రికార్డు కొన్నవారి డబ్బు నిజంగా ఆకలిగొన్నవాడి నోటిదాకా చేరిందా లేదా అన్నది మేము ఇక్కడ చూడదలచుకున్నాము.

ఈ వరుసకు మొదలు 1971. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు మన దేశంలోకి వచ్చిపడ్డ సమయం. పండిట్ రవిశంకర్ తన మిత్రుడు జార్జ్ హారిసన్‌ను సాయం అడిగారు. హారిసన్ ఒక పాట రికార్డు తెచ్చి, ఆగస్టు 1న న్యూయార్క్‌లో రెండు కచేరీలు జరిపించాడు. ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా వాయించారు. టికెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్లు యునిసెఫ్‌కు వెళ్ళాయి. ఆ తర్వాత వచ్చిన ఆల్బం సొమ్ము సంగతి వేరు. కచేరీని ముందుగా ధర్మకార్యంగా నమోదు చేయించలేదని అమెరికా పన్నుల శాఖ పట్టుకుంది. లక్షల డాలర్లు ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. ఈలోగా శరణార్థులు ఇళ్ళకు తిరిగి వెళ్ళిపోయారు కూడా. సంఘాలు నడిపే మన సోదరులకు రిజిస్ట్రేషను కాగితం విలువ మేము చెప్పనక్కర్లేదు.

ఇక అసలు కథ ఇథియోపియాది, మన పెద్దలు హబష్ అని పిలిచిన దేశం. 1984 అక్టోబరు 23న బి.బి.సి. టెలివిజన్‌లో కోరెం శిబిరం దృశ్యాలు కనిపించాయి. మాటలు మైకేల్ బ్యూర్క్‌వి. కెమెరా పట్టినవాడు మహమ్మద్ అమీన్, నైరోబీలో పుట్టిన పంజాబీ కుటుంబపు బిడ్డ. (1996లో హైజాక్ అయిన విమానం కొమొరోస్ దగ్గర సముద్రంలో కూలి ఆయన మరణించారు. పాట పాడినవాళ్ళ పేర్లు లోకానికి తెలుసు, ఈయన పేరు ఎందరికి తెలుసు?) ఆ దృశ్యాలు చూసి చలించిన ఐరిష్ గాయకుడు బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్‌తో కలిసి పాట కట్టాడు. నవంబరు 25న లండన్‌లో గాయకులందరినీ కూడగట్టి ఒక్కరోజులో పాడించారు. ఏడాదిలో 80 లక్షల పౌన్లు వచ్చాయి. రికార్డు మీద అమ్మకపు పన్ను వదులుకోబోమని బ్రిటిష్ ప్రభుత్వం మొదట భీష్మించింది. జనం గోల చేస్తే అంత సొమ్మునూ విరాళంగా తిరిగిచ్చింది. 1985 జనవరిలో అమెరికా గాయకులు పాడిన రికార్డుకైతే 6 కోట్ల డాలర్లు దాటాయి.

ఆ డబ్బు ఏం చేసింది? ధాన్యం కొన్నది, ఓడలు మాట్లాడింది, మందులు పంపింది. కానీ ఇథియోపియాలో చిక్కు ధాన్యం కొనడంలో కన్నా మోయడంలో ఉంది. అస్సబ్, మసావా రేవుల్లో బస్తాలు దిగుతాయి. అక్కడినుంచి కొండదారులు. లారీలు చాలవు. సూడాన్ వైపు లారీల యజమానులు జట్టు కట్టి కిరాయిలు పెంచేస్తే, గెల్డాఫ్ ట్రస్టు సొంత లారీలు కొని దించింది. మా దృష్టిలో ఆ రికార్డు చేసిన గట్టి పని ఇదే. ఎవరో పిల్ల తన పాకెట్ మనీతో కొన్న పాట ఒక లారీ టైరుగా మారిందంటే అది చిన్న విషయమేమీ కాదు.

అయితే లెక్క సరిగ్గా చెప్పుకోవాలి. శిబిరాలకు చేరిన ధాన్యంలో పెద్ద వాటా ప్రభుత్వాలు ఇచ్చిందే, అందులో అమెరికాది ముందు. 1984 మార్చిలోనే ఇథియోపియా సహాయ సంస్థ ముప్పు గురించి లోకాన్ని హెచ్చరించింది, ఎవరూ చెవిన పెట్టలేదు. అక్టోబరులో అమీన్ చిత్రం చూశాకే కదలిక వచ్చింది. బ్రిటిష్ వైమానిక దళం విమానాలు నవంబరు మొదట్లోనే వెళ్ళాయి. అప్పటికి పాట పుట్టనే లేదు! కాబట్టి ప్రభుత్వాలను నిద్ర లేపింది కెమెరా. లేచినవాళ్ళను మళ్ళీ పడుకోనివ్వనిది పాట.

పాటలో లేని మాట ఒకటుంది, అది యుద్ధం. వానలు పడకపోవడం నిజమే. కానీ అదే సమయంలో మెంగిస్తు సైనిక ప్రభుత్వం తిగ్రే, ఎరిత్రియాలలో తిరుగుబాటుదారులతో పోరాడుతోంది. పంటలు తగలబెట్టారు, సంతల మీద బాంబులు వేశారు, ఒక ఊరి గింజ మరో ఊరికి పోకుండా అడ్డుకున్నారు. అమర్త్య సేన్ 1981లోనే తన పుస్తకంలో ఇథియోపియాలోని వొల్లో ప్రాంతపు 1973 కరువును పరిశీలించి, దేశం మొత్తంమీద తిండి పెద్దగా తగ్గకపోయినా కొనే శక్తి లేక జనం చచ్చారని చూపించారు. ఆ పాఠం రికార్డు అట్ట మీదికి ఎక్కలేదు. ఎక్కితే అమ్ముడుపోయేదా అంటే, అనుమానమే.

ఆ ప్రభుత్వమే ఉత్తరాది నుంచి సుమారు 6 లక్షల మందిని దక్షిణానికి తరలించింది, చాలామందిని బలవంతంగా. దారిలోనూ చేరినచోటా వేలమంది చనిపోయారు. ఫ్రాన్సు డాక్టర్ల సంస్థ ఒకటి దీన్ని బహిరంగంగా ఖండించి 1985 డిసెంబరులో దేశం నుంచి గెంటివేయబడింది. మిగతా సంస్థలు చాలావరకు నోరు మెదపలేదు. మాట్లాడితే శిబిరం మూతపడుతుందని భయం. వారిని తప్పుపట్టడం సులువే గానీ, ఎదురుగా ఆకలితో ఉన్న పసివాణ్ణి పెట్టుకుని ఎవరేం చేయగలరు?

ఇంకో అపవాదు గురించి కూడా చెప్పాలి. సహాయపు సొమ్ము ఆయుధాలకు పోయిందని 2010లో బి.బి.సి. ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. గెల్డాఫ్ ట్రస్టు ఫిర్యాదు చేసింది. తమ ట్రస్టు డబ్బు అలా మళ్ళిందనడానికి ఆధారం లేదని ఒప్పుకుని బి.బి.సి. అదే ఏడు క్షమాపణ చెప్పింది. అపవాదు విన్న చెవులన్నీ క్షమాపణ వినలేదు, అది మామూలే.

మాకు మింగుడుపడనిది మరొకటి. వాళ్ళకు క్రిస్మస్ అని తెలుసా అన్న ప్రశ్నే ఆ పాటకు పేరు. ఇథియోపియాలో క్రైస్తవం నాలుగో శతాబ్దం నాటిది. వారి క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. వొల్లో పల్లెల్లో మసీదులూ ఉన్నాయి, చర్చిలూ ఉన్నాయి. సాయం చేసే చెయ్యి అవతలివాడి ముఖం చూడకపోతే ఇలాగే ఉంటుంది. 2014లో ఎబోలా కోసం అదే పాట మళ్ళీ పాడుదామంటే ఘానా మూలాలున్న ఫ్యూజ్ ఓ.డి.జి. అనే గాయకుడు ఈ కారణంగానే రానన్నాడు.

మెంగిస్తు 1991లో జింబాబ్వేకు పారిపోయాడు. 2020 నవంబరులో తిగ్రేలో మళ్ళీ యుద్ధం మొదలైంది. 2021 జూన్ నాటికి అక్కడ మూడున్నర లక్షల మంది కరువు స్థితికి చేరారని ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రకటించాయి. అప్పుడు కూడా ధాన్యం ఉంది, లారీలు ఉన్నాయి. ఆ లారీలను లోపలికి పోనివ్వలేదు.