బొచ్చు లేని మంద వెనక గొంగళి

కార్తీకం ముసురు. ముత్తుకూరు దాటి నేలటూరు రోడ్డు మీద నిలబడ్డారు మీరు. థర్మల్ పొగగొట్టాలు సగం దాకా మబ్బులో మునిగున్నాయి. కృష్ణపట్నం రేవు నుంచి వస్తున్న బొగ్గు లారీకి గొర్రెల మంద అడ్డం పడింది. హారన్ మోగుతూనే ఉంది, మందకు పట్టలేదు.

పొడుగు కాళ్లు, వేలాడే చెవులు. తెల్లవి పల్ల, ముఖాన నల్లమచ్చలున్నవి జోడిపి, ఎర్రవి దొర. అన్నీ నెల్లూరు గొర్రెలే. పక్కనుంచి పోయేదాని వీపు నిమిరారు. తడిసి ఒంటికి అంటుకుపోయిన పొట్టి వెంట్రుకలే తప్ప చేతికి ఉన్ని తగల్లేదు.

వెనకాల ముసలాయన. నల్ల గొంగళిని తలమీదుగా మోకాళ్ల దాకా కప్పుకున్నాడు. చినుకులు దానిమీద కాసేపు నిలబడి జారిపోతున్నాయి.

"పట్టుకొని జూడబ్బయా."

అంచు అరచేతిని గీరింది. తడి ఉన్ని వాసన, పొగచుట్ట వాసన. లోపలికి చెయ్యి పెడితే పొడిగా, వెచ్చగా ఉంది.

"మీ గొర్రెల బొచ్చేనా తాతా?"

"ఈటికి బొచ్చు యాడుంది! సీమోళ్లు దెచ్చి అమ్మింది, మా నాయన కొన్నాడు."

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు గానీ, ఇది చాలా దూరమే వచ్చింది. దీని ఉన్ని దక్కనీ గొర్రెది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆడవాళ్లు వడుకుతారు, కురుమలు పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేస్తారు. రంగు అద్దరు, ఆ నలుపు గొర్రెదే. మీద కప్పుకుంటారు, కింద పరుచుకుంటారు, కులదైవం బీరప్ప కొలువులోనూ పరుస్తారు.

మాంసం తూకానికి నెల్లూరు గొర్రెదే పైచేయి. ఉన్ని అమ్మితే కత్తిరింపు కూలి కూడా గిట్టని దక్కనీ గొర్రెను కాపరి ఎన్నాళ్లని సాకుతాడు? 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు ఆంధ్ర నుంచి కూడా ఇలాంటి గొర్రెలను కొని తీసుకెళ్లారు. రగ్గుల మిల్లు కన్నా మటన్ కొట్టు కొట్టిన దెబ్బే గొంగళికి పెద్దదని నా లెక్క.

మీ అటక మీద పాత గొంగళి ఉంటే దింపి, ఎండలో దులపండి. చిమ్మట పురుగులు ఉన్నిని తింటాయి.