బావమరుదుల రాజధాని

కాండీకి వెళ్ళినవాళ్ళెవరైనా ముందు చెరువు దగ్గరే ఆగుతారు. మేమూ ఆగాం. చుట్టూ కొండలు, మధ్య నిండుగా నీళ్ళు, గట్టు పొడవునా మబ్బుల వరసలా కట్టిన పొట్టి గోడ. మావారు కెమెరా తీశారు. నేనేమో "ఇది మనవాడు తవ్వించిందే కదా!" అని లోలోపల మురిసిపోయాను.

ఆ మనవాడెవరో చెప్పాలి. సింహళులు ఈ ఊరిని మహానువర అంటారు. నగరమే వాళ్ళ నోట నువర అయింది. తీరమంతా పోర్చుగీసులకీ, తర్వాత డచ్చివాళ్ళకీ పోయినా, కొండల చాటున ఈ రాజధాని 1815 దాకా నిలిచింది. ఇక్కడి రాజులు పట్టపురాణి కోసం మదురై నుంచి నాయకర్ల పిల్లను తెచ్చుకునేవారు. తెలుగు మూలాలున్న కుటుంబాలవి. 1739లో నరేంద్రసింహుడు పోయాక గద్దె రాణిగారి తోబుట్టువుకి దక్కింది. ఆయన తర్వాత మళ్ళీ ఆయన బావమరిదికే! మన ఇళ్ళలో బావమరిదికి చేబదులిస్తేనే ఆడపడుచులు ఆర్నెల్లు దెప్పుతారు.

ఆ రెండో బావమరిది కీర్తిశ్రీ రాజసింహుడు. విభూతి పెట్టుకునే ఇంట పుట్టినా, 1753లో సయాం నుంచి భిక్షువుల్ని రప్పించి, ఆగిపోయిన బౌద్ధదీక్షను మళ్ళీ నిలబెట్టాడు. ఎసల మాసపు ఏనుగుల ఊరేగింపులో బుద్ధుడి దంతధాతువుకి అగ్రస్థానం ఇచ్చిందీ ఆయనే. ఎసల అంటే మన ఆషాఢమే లెండి.

ఆ దంతం ఉన్న గుడి దళదా మాలిగావ. మన మాళిగే! పూజవేళ డప్పులు మోగుతుంటే, పూలు పట్టుకుని తోసుకుంటూ పైకెక్కాం. కనిపించేది బంగారు పేటిక మాత్రమే. 1998లో బాంబుదాడికి గుడి ముందుభాగం దెబ్బతింటే బాగుచేశారు. పక్కనే ఎనిమిది పలకల మండపం. దాన్నీ, చెరువునీ కట్టించింది ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. నేను మురిసిపోయింది ఈయన్ని తలుచుకునే.

మాకు ఊరు చూపించిన పెద్దాయన గుడి ఎదుట ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. ఎహెలేపొల అనే మంత్రి తిరగబడి ఇంగ్లీషువాళ్ళ వైపు వెళ్ళిపోయాడట. రాజు 1814లో అతని పిల్లల్ని ఈ దగ్గర్లోనే తల్లి కళ్ళముందు నరికించాడు. పెద్దవాడు భయపడి అమ్మను పట్టుకుంటే, చిన్నవాడు మద్దుమ బండార ముందుకొచ్చి మెడ వంచాడని చెబుతారు. తర్వాత తల్లిని బోగంబర చెరువులో ముంచేశారు. ఈ పెద్ద చెరువు కాదు, మరొకటి. చెరువులో ఏముంది, నీళ్ళేగా, తల్లికి తేడా ఏమిటి?

ఇంగ్లీషువాళ్ళు ఈ కథను తమ యుద్ధానికి బాగా వాడుకున్నారు. వాళ్ళు వాడుకున్నంత మాత్రాన ఆ పిల్లలు బతికిరారు. దొరలు 1815 ఫిబ్రవరిలో రాజుని పట్టుకుని, తర్వాత వెల్లూరు కోటకు పంపేశారు. అక్కడే 1832లో పోయాడు. సమాధి పాలారు ఒడ్డున ఉంది.

సాయంత్రం మళ్ళీ చెరువు గట్టుకే వచ్చాం. పెళ్ళిబట్టల్లో ఓ జంట ఫొటోలు తీయించుకుంటోంది. వీడ్కోలు చెబుతూ పెద్దాయన, "ఇండియాలో ఏ భాషవాళ్ళమ్మా మీరు?" అనడిగాడు.

పొద్దున్నయితే గొప్పగా చెప్పేదాన్ని. "హైదరాబాదండీ" అన్నాను.