కండరం నుంచి మెదడు దాకా

వేలు కదలాలంటే ఆజ్ఞ మెదడులో పుట్టి, వెన్నుపాము గుండా దిగి, నరం వెంట కండరానికి చేరాలి. మనిషి ఈ దారిని తెలుసుకున్నది మాత్రం కింది నుంచి పైకి.

క్రీ.శ. 2వ శతాబ్దంలో వైద్యుడు గేలెన్ ఒక పంది స్వరపేటికకు వెళ్లే నరాలను కోశాడు. అరుస్తున్న పంది మూగబోయింది. నరం తెగితే కండరం పనిచేయదని తేలింది గానీ, ఆ నరంలో ప్రవహించేది సూక్ష్మమైన వాయువనే నమ్మకం ఆ తర్వాత 1500 ఏళ్లు నిలిచింది. ఆ వాయువు నిండడం వల్లే కండరం ఉబ్బుతుందని తత్వవేత్త డెకార్ట్ కూడా రాశాడు.

నెదర్లాండ్స్‌కు చెందిన స్వామర్‌డామ్ దీన్ని పరీక్షకు పెట్టాడు. కప్ప కండరాన్ని గాజు గొట్టంలో మూసి, గొట్టం సన్నని మొనలో ఒక నీటి బొట్టు నిలిపి, నరాన్ని గిల్లాడు. కండరంలోకి ఏదైనా వచ్చి చేరితే దాని పరిమాణం పెరగాలి, బొట్టు పైకి జరగాలి. కండరం బిగిసింది, బొట్టు మాత్రం పైకి జరగలేదు. అంత పాత నమ్మకం తప్పని తేల్చడానికి ఒక్క బొట్టు చాలింది. 1680లో స్వామర్‌డామ్ మరణించాడు. ఇంత గొప్ప ప్రయోగం 1738 ప్రాంతంలో గానీ అచ్చుకు నోచుకోలేదు.

వాయువు స్థానంలోకి విద్యుత్తును తెచ్చినవాడు గాల్వానీ (1791). కప్ప నరంలో సంకేతం సెకనుకు సుమారు 30 మీటర్లు వెళ్తుందని 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కొలిచాడు.

వెన్నుపాము నుంచి వచ్చే నరాల ముందు మూలాలు కదలికవని ఛార్లెస్ బెల్ 1811లో సూచించాడు. వెనుక మూలాలు స్పర్శవని కూడా కలిపి 1822లో రుజువు చేసింది మాజెండీ. ఘనత ఎవరిదన్న తగవు చాలాకాలం నడిచింది, నా దృష్టిలో అది మాజెండీదే. అయితే మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆయన ప్రయోగాల్లో కుక్కపిల్లలు పడ్డ బాధను పక్కన పెట్టి ఈ ఘనత చెప్పుకోలేం.

1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ కుక్క మెదడు పైపొరకు విద్యుత్తు తాకించారు. అవతలి వైపు కాలు కదిలింది. అన్వేషణ మెదడుకు చేరింది.

షెరింగ్టన్ 1906లో ఈ దారులన్నిటినీ ఒకచోట కలిపాడు. మెదడు ఆజ్ఞ అయినా, ముల్లు గుచ్చుకున్నప్పటి ప్రతిచర్య అయినా చివరికి వెన్నుపాములోని చాలక కణం ద్వారానే కండరానికి వెళ్లాలి. పోలియోలో చనిపోయేవి ఆ కణాలే, అందుకే కాలు పట్టు తప్పి సన్నబడుతుంది. మెదడులో దెబ్బ తగిలి వచ్చే పక్షవాతంలో పై దారి తెగినా కింది కణం బతికే ఉంటుంది. అందుకే కొన్ని వారాలకు చెయ్యి బిగుసుకుంటుంది, మోకాలి కింద తడితే కాలు మామూలుకన్నా జోరుగా ఎగురుతుంది.