పత్తికట్టెయు బాయిలరును

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి భివండికి తరలివచ్చి, మరమగ్గములను నమ్ముకొని స్థిరపడిన పద్మశాలీయుల తాతలకు ఇంధనముతో అంతగా పని లేకుండెను. పడుగును వీధి పొడవున సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండకు ఆరబెట్టుట వారి వాడుక. మరమగ్గపు వేగమునకు తాళవలసిన నూలునకు ఆ ఎండ చాలదు. సైజింగు కార్ఖానాలో వేలకొలది పోగులు గంజితొట్టిలో మునిగి, ఆవిరితో కాగుచున్న సిలిండర్లమీదుగా సాగి, బీమునకు చుట్టుకొనవలెను. ఆ ఆవిరికొక బాయిలరు, ఆ బాయిలరునకు ఎడతెగని మేత: కట్టెలు, బొగ్గు, అవి ప్రియమైనప్పుడు గుడ్డపీలికల చిందీ.

పొయ్యిపాలగుచున్న ఆ పీలికలే, వృక్షపదార్థమునుండి ఇంధనమును తీయు ఒక శాస్త్రమునకు తొలి ముడిసరకులలో చేరియుండుట విచిత్రము. 1819లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు హెన్రీ బ్రాకొన్నో పాత గుడ్డపీలికలను, రంపపుపొట్టును గంధకామ్లమున నాననిచ్చి, వానినుండి చక్కెరను రాబట్టెను. చక్కెర చేతికందిన పిమ్మట దానిని పులియబెట్టి సారా కాచుట మన పల్లెలకు క్రొత్త విద్య కాదు గదా! 1838లో ఆన్సెల్మ్ పాయెన్ వృక్షజాతికెల్ల సామాన్యమైన ఆ పదార్థమును వేరుపరచెను. సెల్యులోజు అను పేరును ఆయన పెట్టినదే. పత్తిపింజ దాదాపు కేవల సెల్యులోజు. పత్తికట్టెలోనైతే అది లిగ్నిను అను పదార్థముతో పెనవేసికొని, ఎంతకును లొంగక యుండును. గత శతాబ్ది పూర్వార్ధమున జర్మనీ, అమెరికా, సోవియట్ దేశములలో కొయ్యపొట్టునుండి ఆమ్లముతో ఆల్కహాలు తీసిరి గాని, ఆమ్లము పాత్రలను తినివేయుటయేగాక పుట్టిన చక్కెరను సైతము కొంత చెరచుచుండెను. పెట్రోలు చవుకగా దొరకిన కాలమున ఇట్టి పరిశ్రమను ఎవరు భరింతురు?

ఆమ్లము చేయలేని పనిని బూజు చేసినది. రెండవ ప్రపంచయుద్ధమున సాలమన్ దీవులలో అమెరికా సేనల నూలుగుడారములు బూజుపట్టి చివికిపోవుచుండగా, ఆ తెగులును నివారింపబూనిన శాస్త్రజ్ఞులు కారకమైన శిలీంధ్రమును పట్టి పెంచిరి. అది సెల్యులోజును చక్కెరగా విడదీయు ఎంజైములను విస్తారముగా స్రవించునని ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ మొదలగువారు నిరూపింపగా, 1977లో దానికి రీస్ గౌరవార్థము ట్రైకోడెర్మా రీసీ అని పేరిడిరి. 1973నాటి చమురు సంక్షోభము అప్పటికే లోకమునకు కన్నులు తెరపించియుండెను. నేతగాని గుడ్డకు శత్రువైన బూజు నేటి ఇంధనపరిశ్రమకు పనివాడైనది.

మన దేశమున ఈ చరిత్రలో మాటిమాటికి ఎదురగు స్థలము భివండికి దూరము కాని, బొంబాయిలోని మాటుంగా. 1897లోనే అచ్చటి కుష్ఠురోగుల ఆశ్రమమున మలవ్యర్థములనుండి పుట్టిన వాయువుతో దీపములు వెలిగించిరి. గోబరుగ్యాసునకు ఇదియే పెద్దమ్మ అనవచ్చును. 1924లో పత్తిపరిశోధనకై అచ్చటనే వెలసిన ప్రయోగశాల, నేటి సిర్కాట్, తదుపరి కాలమున పత్తికట్టెతో పలకలను, బ్రికెట్లనబడు ఇంధనపుటిటుకలను చేయు పద్ధతులను రూపొందించినది. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయము వస్త్రరసాయనము నేర్పుటకై ఆరంభించిన శాఖ నేడు మాటుంగాలోని రసాయన సాంకేతిక సంస్థ. దాని పరిశోధకులు రూపొందించిన విధానముతో 2016లో ఉత్తరాఖండమందలి కాశీపూరున దినమునకు 10 టన్నుల వ్యవసాయవ్యర్థమును ఇథనాలుగా మార్చు ప్రదర్శక కర్మాగారము పనిచేయసాగెను. 2022 ఆగస్టు 10న పానిపట్టులో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారము ఇంకను పెద్దది: ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్ల ఇథనాలు దాని లక్ష్యము.

నా మట్టుకు, చిక్కంతయు రసాయనములో లేదు, సేకరణలో నున్నది. వరిగడ్డిని యంత్రము మోపులు కట్టును. పత్తికట్టెను మాత్రము వేళ్లతో పెరికి, తునకలు చేసి, బండి కెత్తవలెను. హెక్టారునకు రెండు మూడు టన్నులు లభించు ఈ కట్టెను, కూలి గిట్టక, గులాబిరంగు పురుగు దానిలో తలదాచుకొనునను భయమునను, రైతు చేనులోనే తగులబెట్టుచున్నాడు. ఇథనాలు మోటారుబండికి, సైజింగు బాయిలరునకు కావలసినది బ్రికెట్టు. వ్యాపారులు దానిని వైట్‌కోల్ అందురు. కొనుగోలుదారు అడుగునది రెండే: టన్ను ధర యెంత, బూడిద యెంత? వరిఊకలో బరువున సుమారు అయిదవవంతు బూడిదయై మిగులును. పత్తికట్టెలో అంత బూడిద లేదు గనుక, ధర కుదిరినచో బాయిలరు కాచువాడు దానినే కోరును.